చీకటిని పోగొట్టుకున్న నక్షత్రవీథులు

అమృతలూరు కళ్ళాలలో ధాన్యం తూర్పారబట్టడం చూసినవారికి ఒక సంగతి తెలుసు. చేటలో గింజా తాలూ కలిసే ఉంటాయి. గాలి రెండింటి మీదా ఒకే తీరున వీస్తుంది. అయినా గింజ కాళ్ళ దగ్గర రాలుతుంది, తాలు దూరాన పడుతుంది. (నూర్పిడి యంత్రాలు వచ్చిన తరువాత పుట్టిన మా విద్యార్థులు ఈ దృశ్యాన్ని పెద్దలనడిగి తెలుసుకొనవలసినదే.) కలిసి ఉన్నవి ఇట్లా వేరుపడడం నక్షత్రవీథులలో కూడా జరుగుతున్నదా అన్నది నేటి ఖగోళశాస్త్రంలో ఒక వివాదం. అందులో మా అభిప్రాయాన్ని, హైదరాబాదు విద్వాంసుడొకరికి దానితో గల సంబంధాన్ని ఇక్కడ విన్నవిస్తున్నాము.

నక్షత్రవీథులలో కంటికి కనిపించే తారలకన్న, గురుత్వాకర్షణ వల్ల మాత్రమే ఉనికి తెలిసే కృష్ణపదార్థమే సాధారణంగా అనేక రెట్లు అధికం. దీని జాడను 1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా గుచ్ఛంలో కనిపెట్టాడు. అదే గుచ్ఛంలో 2015లో పీటర్ వాన్ డొక్కుమ్ బృందం 47 అతివిరళ నక్షత్రవీథులను గుర్తించినది. పరిమాణంలో ఇవి పాలపుంతకు దీటైనవి. వెలుగులో మాత్రం మరుగుజ్జులు. చిన్న వీథిలో తారలు విస్ఫోటించి వాయువును వెలుపలికి నెట్టగా అది ఉబ్బి పలుచబడుతుందని కొందరు, తారలు పుట్టకముందే వాయువును కోల్పోయిన పెద్ద వీథులే ఇవి అని మరికొందరు చెప్పారు. ఇంత పలుచని వస్తువు గుచ్ఛంలోని లాగులాటకు చెదరక నిలవాలంటే కృష్ణపదార్థం దండిగా ఉండవలెనని పరిశోధకులు తలచారు.

2018లో అదే బృందం తిమింగల రాశిలోని ఎన్.జి.సి. 1052–డీఎఫ్2 అనే వీథిని గురించి ప్రకటించిన ఫలితం ఈ తలంపును తారుమారు చేసినది. అందులోని పది గోళాకార నక్షత్రగుచ్ఛాల వేగాలను కొలవగా, వాటి మధ్య వ్యత్యాసం సెకనుకు సుమారు 10 కిలోమీటర్ల మేరకే ఉన్నది. ఆ మాత్రానికి కనిపించే తారల బరువే చాలును! ఆ వీథి దూరం 4.2 కోట్ల కాంతి సంవత్సరాలే అని, లెక్క తప్పినదని 2019లో వేరొక బృందం వాదించినది. 2021లో హబుల్ దూరదర్శిని సుమారు 7.2 కోట్లని తేల్చడంతో ఆ వాదం బలహీనపడినది.

కృష్ణపదార్థం లేని వీథి దొరికినది గనుక కృష్ణపదార్థమే కల్పన అని కొందరు సంబరపడ్డారు. మాకిది తలక్రిందుల తర్కంగా తోస్తున్నది. గురుత్వ నియమమే వేరైతే ఆ వేరుతనం అంతటా కనిపించవలెను. ఒకచోట ఉండి మరొకచోట లేకపోయేది పదార్థమే గాని నియమం కాదు. పొరుగునున్న పెద్ద వీథి ప్రభావం వల్ల అక్కడ అట్లా కనిపిస్తున్నదని ప్రతివాదులు చెప్పిన సమాధానం ఒకటి ఉన్నది. అది మమ్ములను ఒప్పించలేదు.

మరి ఆ పదార్థం ఏ దారిన పోయినది? ఇక్కడ ఆచార్య సాలే మొహమ్మద్ అల్లాదీన్ (1931–2011) గుర్తుకు వస్తారు. చికాగోలో డాక్టరేటు పొంది, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్రం బోధించిన ఆయన, ఒక వీథి మరొక వీథిలోంచి దూసుకుపోయినపుడు లోపలి శక్తి ఎంత మారుతుందో 1965లోనే లెక్కగట్టారు. 1982లో నరసింహన్‌తో కలిసి ఈ విషయంపై విస్తృత సమీక్ష వెలువరించారు. గురుత్వానికి వెలుగూ చీకటీ అన్న భేదం లేదు గనుక ఆ తర్కం కృష్ణపదార్థానికీ వర్తిస్తుంది. నిజాంపట్నం తీరాన చంద్రుడు నీటిని లాగినట్లు పెద్ద వీథి చిన్నదానిని లాగినపుడు, మొదట ఊడిపోయేది అంచులలో వదులుగా పరచుకొన్న పదార్థం. అందులో అధికభాగం కృష్ణపదార్థమే. నడుమ చిక్కగా ఉన్న తారలు మిగులుతాయి. డీఎఫ్2కు పొరుగున ఉన్న డీఎఫ్4 నుండి ఇట్లా సాగిన తోకలు 2020లో కనబడినవి.

రెండవ దారి 2022లో వాన్ డొక్కుమ్ బృందం చెప్పినది. సుమారు 800 కోట్ల సంవత్సరాల క్రితం రెండు చిన్న వీథులు ఢీకొనగా వాయువు నడుమ చిక్కుకుపోయినదట. కృష్ణపదార్థం ఒకదానిలోంచి ఒకటి సాగిపోయినదట. మిగిలిన వాయువు నుండి ఒకే వరుసలో పదకొండు వరకు వీథులు పుట్టినవట. మా కళ్ళపు పోలికకు ఇదే దగ్గర. అయినా వరుసను చూసి సిద్ధాంతం కట్టరాదు. అందులోని తక్కిన వీథుల వేగాలు కూడా కొలవవలెను. డీఎఫ్4 మటుకు మేము ఆటుపోటుల పక్షమే.

ఉర్దూ, తెలుగు పక్కపక్కన అచ్చయ్యే ఈ సంచికను చదివే విద్యార్థులలో అల్లాదీన్ పేరు విన్నవారు ఎందరు? రాబోయే భౌతికశాస్త్ర గోష్ఠిలో 1965 నాటి ఆ వ్యాసాన్ని రెండు భాషలలోనూ వివరించే ఏర్పాటు చేయవలెనని మేము కోరుతున్నాము. కలనగణితం నేర్చిన బి.యస్సీ. విద్యార్థికి అది అందని మ్రానిపండు కాదు.