మడత సైకిల్, నా రెండు గంటలు

ఊరెళ్ళేటప్పుడు సంచులు సర్దేది మనమే. అత్తయ్యగారి బీపీ మాత్రలు, పిల్లల చార్జర్లు, ఆయన షేవింగ్ సెట్టు, దారిలో తినడానికి పులిహోర. ఊరు మారుతుంది గానీ పని మారదు. అందుకే ఈసారి పాండిచ్చేరి వెళ్ళేటప్పుడు, అన్నీ సర్దాక, నాకంటూ ఒక్క వస్తువు డిక్కీలో పెట్టాను. మా అబ్బాయి ముచ్చటపడి కొనుక్కుని, రెండు నెలలు తొక్కి బాల్కనీలో వదిలేసిన మడత సైకిల్.

"కారుండగా సైకిలెందుకు?" అన్నారు మావారు. మేముండేది చెన్నైలో. పాండిచ్చేరి అక్కడికి దాదాపు 150 కిలోమీటర్లు. నేను జవాబు చెప్పలేదు. చెబితే వాదన మొదలవుతుంది, వాదన మొదలైతే సైకిల్ డిక్కీ దిగిపోతుంది.

నాకు సైకిల్ కొత్త కాదు. ఒంగోలు దగ్గర మా ఊళ్ళో ఏడో క్లాసు దాకా నాన్న సైకిల్ మీద అడ్డతొక్కుడు తొక్కేదాన్ని. పెద్దమనిషినయ్యాక "ఇంక సైకిలెక్కితే బాగుండదమ్మా" అన్నారు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. సైకిల్ తమ్ముడిదయిపోయింది, అంతే. మళ్ళీ ముప్ఫై మూడేళ్ళకి మా అపార్ట్‌మెంట్ కింద, కార్లు లేని వేళ చూసుకుని అలవాటు చేసుకున్నాను. మడత సైకిల్లో మనలాంటి వాళ్ళకో సుఖముంది. చక్రాలు చిన్నవి, మధ్య కడ్డీ బాగా కిందికి ఉంటుంది, సీటు దించుకుంటే రెండు కాళ్ళూ నేలకి ఆనతాయి. భయమేస్తే ఆపేసి నిలబడొచ్చు.

మొదటి రోజు అందరం కారులోనే తిరిగాం. మణకుళ వినాయకుడి గుడి, అరవింద ఆశ్రమం, ఆరోవిల్. పార్కింగ్ దొరికిన చోట దిగాం, పిల్లలు అడిగిన చోట తిన్నాం. ఎక్కడ ఆగాలో నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్పే అలవాటు ఎప్పుడో పోయింది.

రెండో రోజు పొద్దున ఐదున్నరకి, దిండు పక్కన చీటీ రాసిపెట్టి, లాడ్జి ముందు సైకిల్ విప్పాను. సముద్రపు ఒడ్డు రోడ్డు మీదికి సాయంత్రం నుంచి మర్నాడు పొద్దున దాకా బండ్లు రానివ్వరు. అందుకని అక్కడ దిగి, గాంధీ విగ్రహం దాకా సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళాను. తర్వాత వెనక వీధుల్లోకి మళ్ళాను. ఎత్తుపల్లాలు లేని ఊరు. వీధులన్నీ గళ్ళ నోటుబుక్కులా ఉంటాయి. సముద్రం ఎటుందో గుర్తుంటే దారి తప్పడం కష్టం. ఆశ్రమం వైపు నాకంటే బాగా పెద్దావిడలు తాపీగా సైకిల్ తొక్కుకుంటూ పోతున్నారు. వాళ్ళని ఎవరూ వింతగా చూడటం లేదు. నన్నూ చూడలేదు. ఎవరూ చూడకపోవడం ఎంత హాయో!

కాలువ దాటితే తమిళుల వీధులు. ఇళ్ళ ముందు ముగ్గులు పడుతున్నాయి. ఓ వాకిట్లో ఆగి చుక్కలు లెక్కపెడుతుంటే, ఆవిడ నవ్వి పిండి డబ్బా నా చేతికిచ్చింది. ఓ మూల నేనూ గీశాను. పెద్ద మార్కెట్ దగ్గర ఒక పాత మేడ కనపడింది. ఆనందరంగ పిళ్ళైదట. డూప్లే దగ్గర దుబాసీగా చేసి, 1736 నుంచి 1761 దాకా ఆ ఊరి సంగతులన్నీ దినచర్యగా రాసినాయన. మన కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము' అంకితమిచ్చింది ఈయనకే. తెలుగు పండితులైన మా నాన్న బీరువాలో ఆ పుస్తకం ఉండేది. మూసిన తలుపు ముందు పది నిమిషాలు నిలబడ్డాను. ముందురోజు కారులో ఆ పక్కనుంచే పోయాం. ఆపమంటే "ఇక్కడేముంది?" అనేవారు.

ఏడున్నరకి గదికొస్తే మావారి ముఖం ఎర్రగా ఉంది. "చీటీ పెట్టేసి పోవడమేనా? అమ్మకి కాఫీ ఎవరిస్తారు?" అన్నారు. "కింద హోటల్లో ఉందిగా" అన్నాను. పాతికేళ్ళ కాపురంలో ఆ మాట అనడం అదే మొదలు. అత్తయ్యగారు మాత్రం "ఏం చూశావే అమ్మాయ్?" అని దగ్గర కూర్చోబెట్టుకున్నారు. ఆయన ఆ రోజంతా ముక్తసరిగానే మాట్లాడారు. మర్నాడు పొద్దున నేను మళ్ళీ వెళ్ళాను.

అద్దె సైకిళ్ళు అక్కడే దొరుకుతాయి కదా అంటారేమో. దొరుకుతాయి. కానీ కొట్టు తెరిచేసరికి ఇంట్లోవాళ్ళందరూ లేస్తారు, టిఫిన్ల హడావుడి మొదలవుతుంది, ఆ రోజు మళ్ళీ అందరిదీ అయిపోతుంది. మంచం పక్కన మడిచిపెట్టిన సైకిలైతే ఎవరినీ అడగక్కర్లేదు. అలాగని అందరికీ కుదురుతుందనీ అనను. మాది 14 కిలోలుంటుంది, మెట్లెక్కించాలంటే నడుం పట్టేస్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నడవండి. బాగా తెల్లవారకుండా నిర్మానుష్యంగా ఉండే వీధుల్లోకి నేనూ పోను. ఫోన్లో లొకేషన్ మా అమ్మాయికి పంపే బయల్దేరాను.

పాండిచ్చేరికి దక్షిణాన పుదుక్కోట్టై జిల్లాలో, 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం ఆడవాళ్ళకి చదువుతోపాటు సైకిల్ తొక్కడం కూడా నేర్పింది. వేలమంది నేర్చుకున్నారు. నీళ్ళు తెచ్చుకోవడానికి, సరుకు అమ్ముకోవడానికి వాళ్ళకది అవసరం, నాది ఉత్త సరదా అనుకునేదాన్ని. ఇప్పుడలా అనిపించడం లేదు. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు నిలబడాలో తేల్చుకునే రెండు గంటలు ఏ ఆడదానికైనా అవసరమే. కుటుంబంతో వెళ్ళే ప్రయాణంలో అవి ఎవరూ మన చేతిలో పెట్టరు, మనమే తీసుకోవాలి.

వచ్చే నెల మైసూరు వెళ్తున్నాం. చాముండి కొండ జోలికి పోను గానీ సైకిల్ మాత్రం వస్తుంది. డిక్కీలో చోటు చాలదంటున్నారు మావారు. అయితే ఆయన రెండు సూట్‌కేసుల్లో ఒకటి ఇంట్లోనే ఉంటుంది.