కట్టడాలు సరే, కాపురాల మాటేమిటి?

కర్ణాటకలో పుట్టి పెరిగే మన తెలుగు పిల్లలకు శ్రీకృష్ణదేవరాయల పాఠం చెప్పాక హంపి చూపించకుండా ఉండలేం. ఏటా బస్సు మాట్లాడుకుని బయలుదేరతాం. విరూపాక్షాలయం ముందు ముప్పావు కిలోమీటరు దాకా సాగే రథవీధిలో నిలబెట్టి, ‘‘ఇది ఒకప్పుడు కిటకిటలాడిన బజారు’’ అని చెబుతాం. ఈసారి ఒక పిల్లవాడు అడిగాడు: ‘‘మరి ఇప్పుడు ఎవరూ లేరేం మాస్టారూ?’’ 1565 నాటి యుద్ధంలోనే ఈ వీధి పాడుబడిందని వాడి ఊహ.

నిజానికి 2011 జూలై దాకా అక్కడ కాపురాలున్నాయి. ఆ నెలాఖరున యంత్రాలు వచ్చి ఇళ్లు, దుకాణాలు, పూటకూళ్ల గదులు కూల్చేశాయి. మూడు వందలకు పైగా కుటుంబాలు వీధిన పడ్డాయి. సామాన్లు సర్దుకునే వ్యవధి కూడా ఇవ్వలేదని వారు మొత్తుకున్నారు. పునరావాసానికి కొన్ని కిలోమీటర్ల దూరంలోని కడ్డిరాంపురను చూపారు. యాత్రికుల మీద బతికేవారికి ఆ దూరమే పెద్ద దెబ్బ.

అధికారుల వాదనను మేము కొట్టిపారేయం. మండపాల రాతి స్తంభాల మధ్య గోడలు లేపి, తలుపులు బిగించిన మాట వాస్తవం. 1986లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన హంపి, వంతెనల నిర్మాణం కారణంగా 1999 నుంచి 2006 వరకు ‘ప్రమాదంలో ఉన్న’ జాబితాలో గడిపింది. రక్షణకు 2002లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. ఆ చట్టం అవసరమే.

అయితే అన్ని కూల్చివేతలూ ఒకటి కావు. నదికి ఆవలి విరుపాపుర గడ్డెలో రిసార్టులు అక్రమమని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో తేల్చింది. మార్చిలో వాటిని తొలగించారు. రక్షిత ప్రాంతమని తెలిశాక కూడా పెట్టుబడి పెట్టిన వ్యాపారినీ, గుడి నీడన ఏళ్ల తరబడి పూలూ కొబ్బరికాయలూ అమ్ముకుని బతికిన ఇల్లాలినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. పైగా విరూపాక్షుడికి నేటికీ నిత్యపూజ జరుగుతోంది, ఏటా తేరు కదులుతోంది. గుడి బతికి ఉండగా, దాన్ని ఆనుకుని బతికిన వీధి మాత్రం ఎందుకు శిథిలం కావాలి?

మేము కోరేది మూడే మాటలు. కొత్త ఇల్లు సిద్ధమయ్యాకే పాత ఇల్లు ఖాళీ చేయించాలి. నోటీసు చదువుకునే భాషలో, తగిన గడువుతో అందాలి. ఏది కట్టడానికి హాని చేస్తోందో, ఏది చేయడం లేదో ఇంటింటికీ పరిశీలించి, ఆ నివేదికను ఊరివాళ్ల ముందు పెట్టాలి. హంపి వారసత్వ ప్రాంతంలో ఇరవై తొమ్మిది గ్రామాలున్నాయి. ఆనెగొంది లాంటి ఊళ్లలో జనం ఇంకా కాపురముంటున్నారు. రేపు వారి వంతు వస్తే ఇదే తప్పు మళ్లీ జరగకూడదు.

హంపి బజారులో ఇళ్లు పోగొట్టుకున్నవారిలో ఎక్కువమంది తెలుగువారు కారు, మరి మనకెందుకంటారా? కొద్దిమందిగా బతికేవారి మాట లెక్కల్లోకి రాకపోతే ఎలా ఉంటుందో మనకు తెలుసు. పిల్లలు చాలక తరగతి మూతపడుతుందన్న రోజున, ‘మమ్మల్ని ఒక్కమాట అడిగారా?’ అని మనమూ నిలదీస్తాం. వాళ్లు అడిగిందీ అదే.

ఉపాధ్యాయ మిత్రులకు మా మనవి ఒక్కటే. ఈ ఏడు హంపి తీసుకెళ్తే, రాతిరథం ముందు ఫొటో దిగాక ఒక గంట కడ్డిరాంపురలో ఆగండి. అక్కడి పెద్దలను పలకరించి, తమ పాత వీధి ఎలా ఉండేదో చెప్పమనండి. పిల్లలు ఏ భాషలో విన్నా, తెలుగులో రాసుకోనివ్వండి. ఆ పిల్లవాడి ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.