నిమిషం నియమం

క్రమశిక్షణ లేని విద్యాలయం ఉండరాదు. ఈ విషయంలో మాకు భిన్నాభిప్రాయం లేదు. కాని నియమం ఎందుకు పుట్టిందో మరచి, దానిని అక్షరాలా అమలు జరపడమే క్రమశిక్షణ అనుకొనే ధోరణి ఎంతటి అనర్థానికి దారితీయగలదో అధ్యాపకులమైన మేము ముందుగా ఆలోచించవలసి ఉంది.

ఇంటర్మీడియట్ పరీక్షలకు ఒక్క నిమిషం ఆలస్యమైనా లోనికి రానివ్వరాదన్న నిబంధన మన రాష్ట్రంలో ఉండేది. 2024 ఫిబ్రవరి 29న ఆదిలాబాద్ జిల్లాలో ఒక విద్యార్థి ఈ నిబంధన మూలంగా పరీక్షా కేంద్రం నుండి వెనుదిరిగి, ప్రాణం తీసుకున్నాడు. ఆ వెంటనే తెలంగాణ ఇంటర్మీడియట్ బోర్డు ఐదు నిమిషాల సడలింపు ప్రకటించింది. పరీక్షలు యథావిధిగా జరిగాయి. ప్రశ్నపత్రం బయట చూసుకొని వస్తారేమోనన్న అనుమానమే ఆ కాఠిన్యానికి ఆధారం. ఆ పత్రాన్ని బయటకు పంపేవాడు లోపల ఉండాలి గదా! వానిని పట్టుకోవడం కష్టం; ఆయాసపడుతూ వచ్చిన పిల్లవానిని ఆపడం సులభం.

మరొక విచిత్రం. ఏడాది పొడవునా తరగతులకు సరిగా రానివారు రుసుము చెల్లిస్తే, కొంతమేరకు హాజరు లోటును మన్నించే పద్ధతి ఇదే బోర్డులో ఉంది. వారాల లోటుకు లభించిన మన్నింపు నిమిషానికి లభించకపోవడం ఏ న్యాయం?

పరీక్షల మాట అటుంచి, నిత్యం కళాశాల గేటు వద్ద జరిగేది చూడండి. మోస్రా వంటి గ్రామం నుండి నిజామాబాదుకో బోధనుకో చదువుకు వచ్చే బాలికకు బస్సే ఆధారం. 2023 డిసెంబరులో ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం కల్పించారు; ఆడపిల్లల చదువుకు అది గొప్ప మేలే. అయితే కిక్కిరిసిన బస్సు ఆగకుండా పోతే తరువాతి దాని కొరకు నిలబడక తప్పదు. ఆలస్యానికి జరిమానా వేస్తే చెల్లించేది తండ్రి. వెనుకకు పంపితే ప్రమాదం మరింత పెద్దది. అలా నాలుగుసార్లు తిరిగివచ్చిన పిల్లను, అందునా నాట్ల కాలమైతే, ఐదవసారి ఇంటివారు బస్సెక్కనివ్వరు. రిజిస్టరులో మాత్రం ఆమె పేరు ఎదుట ‘గైర్హాజరు’ అని ఉంటుంది. (‘హాజరు’ ఉర్దూ మనకిచ్చిన మాట, ఎదుట ఉండడమని అర్థం. గేటు వద్ద కళ్ళెదుట నిలిచిన విద్యార్థినిని గైర్హాజరని రాయడం భాషకే విరుద్ధం!)

ఒకప్పుడు బెత్తం లేనిదే బడి నడవదన్నారు. 2002లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాలల్లో దానిని నిషేధించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా కూడదన్నది. బడులు నడుస్తూనే ఉన్నాయి.

నియమాలను ఎత్తివేయమని మేము కోరడం లేదు. సోమరితనంతో ఆలస్యమైనవారిని మందలించవలసిందే. అయితే ముందు తరగతిలోకి పంపి, తరువాత విచారించాలి. ఆలస్యపు రిజిస్టరులో పేరు, వేళల పక్కన ‘కారణం’ అన్న గడి ఒకటి చేర్చాలి. నెలాఖరున ఆ గడిలో ఒకే ఊరి బస్సు పదేపదే కనిపిస్తే, ప్రిన్సిపాలుగారి ఉత్తరం విద్యార్థిని తండ్రికి గాక డిపో మేనేజరుకు వెళ్ళాలి.