ఆటలో చచ్చి బ్రతుకుట

బెంగుళూరు నగరమున మన తెలుగు పెద్దలు నలుగురు కూడిన చోటనెల్ల నేడు ఒక నింద వినబడుచున్నది. పిల్లలు ఫోనులో పదుగురు చేరి యాడు ఆటలలో మనిషి చచ్చుటయు, కొంతసేపటికి మరల లేచి నిలుచుటయు చూచి, ఇది ప్రాణమనిన లెక్కలేనితనమును నేర్పు విదేశపు జాడ్యమని వారు తీర్పు చెప్పుచున్నారు. ఆటల వలన పిల్లల కండ్లకు, చదువునకు, నిద్రకు కలుగు చెఱుపును గూర్చి మాకు వాదము లేదు. దానిని అదుపులో నుంచుట తలిదండ్రుల విధి. కాని చచ్చి బ్రతుకుటయే దోషమను మాటను మాత్రము మేము ఒప్పుకొనజాలము. అది మన సంప్రదాయము నెఱుగని మాట.

మొదట పురాణమును చూతము. దేవాసుర యుద్ధమున చచ్చిన రాక్షసులను శుక్రాచార్యుడు మృతసంజీవనీ విద్యచే మరల లేపుచుండెను. దేవతలకు ఆ విద్య లేదు. ఒక పక్షము చచ్చియు తరుగక, రెండవ పక్షము తరుగుచునే యుండు యుద్ధము ఎట్లు సాగును? అందుచేతనే కచుడు శుక్రునికి శిష్యుడయ్యెను. నన్నయ ఆదిపర్వమున ఈ కథను దాదాపు వేయేండ్ల క్రిందటనే మనకు తెలుగున చెప్పియున్నాడు. కచుడు చచ్చి బ్రతికినవాడే. కాని కడపటి మారు గురువు కడుపు చీల్చుకొని బయటికి రావలసి వచ్చెను. శిష్యుడు బ్రతుకుటకు గురువు చావవలసి వచ్చెను. ఆ శిష్యుడే పిదప గురువును బ్రతికించెను. తిరిగి వచ్చిన ప్రాణమునకు వెల యున్నదని మన పూర్వులు ఎఱుగుదురు.

ఇక మన ఆటలు. అష్టాచెమ్మలో, అనగా ఇచ్చటి కన్నడ సోదరులు చౌకాబార యనుదానిలో, ఎదుటివారి కాయ వచ్చి పడినచో మన కాయ చచ్చును. నడచిన నడకయంతయు పోవును. తొలి యింటినుండి మరల బయలుదేరవలెను. చెడుగుడులో ఇంతకన్న చక్కని నియమము గలదు. కబడ్డీ పద్ధతులలో సంజీవని, గామిని, అమర్ అనునవి కలవు. సంజీవనిలో ఔటైనవాడు గీత వెలుపల కూర్చుండును. తనవారు ఎదుటి పక్షమున ఒకని ఔటు చేసిననే వీరిలో ఒకడు లేచును. అదియు ముందు ఔటైనవాడు ముందు, వెనుక ఔటైనవాడు వెనుక. బోనసు గీత దాటి సంపాదించిన పాయింటు లెక్కకు వచ్చును గాని యెవరిని బ్రతికింపదు. గామినిలో ఔటైనవానికి ఈ వరమే లేదు.

2014లో ఆరంభమైన ప్రో కబడ్డీ లీగులో తెలుగు టైటన్స్, బెంగుళూరు బుల్స్ జట్లు రెండును తొలి యేటినుండియు ఉన్నవి. కంఠీరవ ఇండోరు స్టేడియమున కబడ్డీ చూచి, ఔటైనవాడు లేచి వచ్చినప్పుడెల్ల చప్పట్లు కొట్టిన తాతగారే, ఇంటికి వచ్చి మనుమని ఫోనులో అదే ధర్మమును చూచి మండిపడుట విడ్డూరము కాదా?

ఫోను ఆటలు, కంప్యూటరు ఆటలు అన్నియు ఒక్క తీరువి కావు. 1999 నాటి క్వేక్ 3 అరీనాలో చచ్చినవాడు తృటిలో లేచును. చేతి ఆయుధములు పోవుట, ఎదుటివాని లెక్క పెరుగుట మాత్రమే అచ్చటి వెల. కౌంటర్ స్ట్రైక్‌లో ఆ విడత ముగియువఱకు చూచుచు కూర్చుండవలెను. డోటాలో వీరుని స్థాయి పెరిగినకొలది నిరీక్షణ పెరుగును. 2019లో వచ్చిన అపెక్స్ లెజెండ్స్‌లో, పడిపోయినవాని గుర్తును తోడివాడు తుపాకుల నడుమనుండి తెచ్చి నియమిత స్థలమునకు చేర్చిననే అతడు తిరిగి వచ్చును. ఇది చెడుగుడునకు దాయాదియే.

కావున అడుగవలసిన ప్రశ్న వేఱు. పిల్లవాడు ఎవరివలన బ్రతికెను? ఏమి వెల పెట్టి బ్రతికెను? తోడివాని సాహసముచే బ్రతికినచో అందు స్నేహము కలదు. వేచియుండి బ్రతికినచో ఓర్పు కలదు. డబ్బిచ్చి బ్రతికినచో వ్యాపారము తప్ప మఱేమియు లేదు. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగా ఒంటరిగా ఆడునదే యైనను ఇందుకు తార్కాణము: చేతికి అయిదు ప్రాణములిత్తురు, పోయిన ఒక ప్రాణము తిరిగి వచ్చుటకు అర్ధగంట, ఆగలేనివాడు కొనుక్కొనవచ్చును. మా ఆగ్రహమంతయు ఇట్టి బేరముపైననే. శుక్రాచార్యుడైనను సంజీవనిని అంగడిలో పెట్టలేదు!

నిషేధమే మందనువారికి ఒక మాట. పబ్జీ మొబైల్ ఆట మన దేశమున 2020 సెప్టెంబరులో నిషేధింపబడినది. అదియు దేశభద్రతను పురస్కరించుకొనియే గాని పిల్లల శ్రేయస్సు కొఱకు కాదు. 2021 జూలైలో అట్టి ఆటయే బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా యను పేర వచ్చినది. 2022 జూలైలో దానిని అంగళ్లనుండి తొలగించిరి. 2023 మేలో మరల వచ్చినది. ఆటలోని వీరుని మాట యటుండగా ఆటయే చచ్చి బ్రతుకుచున్నది!

చివరగా మన భాష సంగతి. మన పిల్లలకు ఇంట తెలుగు, వీధిని కన్నడము, బడిలో ఆంగ్లము. ఆటలో ఆంగ్లమే మిగిలినది. అష్టాచెమ్మ గళ్లు చెరిగిన యింట కాయ చచ్చుట, కాయ పండుట యను పలుకుబళ్లును చెరిగిపోయినవి. వాడుక తప్పిన మాట తనంతట తాను లేవదు. దానికిని చెడుగుడు నియమమే: తోడివాడు పూనుకొని లేపవలెను. ఫోనును గుంజుకొను తాత ఆ పని చేయలేడు. మనుమని ప్రక్కన కూర్చుండి, "ఇప్పుడు నిన్ను బ్రతికించినది ఎవరురా?" అని తెలుగున అడుగు తాత చేయగలడు. ఆ పిల్లవాడు తడబడియైనను తెలుగుననే బదులు చెప్పును.

రాబోవు ఉగాదికి మన సంఘమువారు ఒక ఉపన్యాసమును తగ్గించి, పందిరి క్రింద నాలుగు గవ్వలును, ఆవరణలో ఒక చెడుగుడు గీతయు ఏర్పాటు చేయుదురుగాక. పిల్లలతోపాటు పెద్దలును దిగి ఆడవలెను. ఔటైనవారు సిగ్గుపడ నక్కఱలేదు; లేపుటకు మనుమలున్నారు.