డీజే బేస్ నుంచి బందరు దాకా

పెళ్లిళ్ల సీజన్‌లో మా జన్వాడ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌ల్లో డీజే మోగితే, కిటికీలు మూసినా బేస్ మాత్రం ఇంట్లోకి వచ్చేస్తుంది. పాట మాటలు వినపడవు. గోడ ఎక్కువ ఫ్రీక్వెన్సీలను బాగా ఆపేస్తుంది, తక్కువవాటిని అంతగా ఆపలేదు. ఇలా ఒక శబ్దాన్ని తరంగాలుగా విడదీసి చూడటం హార్మోనిక్ అనాలిసిస్‌లో మొదటి మెట్టు.

బీటెక్‌లో ఫోరియర్ సిరీస్ మనందరం చదివిందే. ఫార్ములా, దాని కింద డిరిక్లే షరతులు. బట్టీ పట్టాం, మార్కులు పడ్డాయి. ఆ షరతులు లేకపోతే ఏమవుతుంది? పీజీ స్థాయి పుస్తకాలు అక్కణ్నుంచే మొదలవుతాయి. ఆఫీసు అయ్యాక కొంతకాలంగా వాటితోనే నా కుస్తీ. ఒక్కో పేజీకి రెండు రోజులు పడుతుంది. "దీనివల్ల జీతం పెరుగుతుందా?" అని నాన్న అడిగారు. లేదనే చెప్పాను.

మరి ఎందుకంటే, ఇందుకు. ఎక్కడా తెగని గీత లాంటి ఫంక్షన్ తీసుకున్నా, దాని తరంగాలను ఒక్కొక్కటిగా కూడుతూ పోతే ఏదో ఒక బిందువు దగ్గర మొత్తం ఎక్కడా కుదురుకోకపోవచ్చు. 1873లో డ్యూ బోయి రేమండ్ అలాంటి ఫంక్షన్‌ను కష్టపడి కట్టి చూపించాడు. ఫంక్షనల్ అనాలిసిస్ ఒక్కో ఫంక్షన్‌ను ఒక్కో బిందువుగా చూస్తుంది. అలా చూస్తే, 1927 నాటి బనాక్, స్టైన్‌హౌస్ సిద్ధాంతంతో అదే విషయం అర పేజీలో తేలిపోతుంది. ఆ ఫంక్షన్ ఏదో చూపించక్కర్లేదు, ఉండి తీరాలని రుజువైతే చాలు. ఏ ఇన్‌పుట్‌కు పగులుతుందో తెలియకుండానే కోడ్‌లో బగ్ ఉందని నిరూపించడమన్నమాట! అందుకే ఈ రెండు సబ్జెక్టులూ పక్కపక్కనే చదవాలంటాను. కాకపోతే ముందు లెబెగ్ కొలత సిద్ధాంతం కావాలి, దాన్ని దాటేసే షార్ట్‌కట్ లేదు.

ఇంతకీ ఆ మొండి మొత్తాలను దారికి తెచ్చేదెలా? సగటు తీయాలి. మొదటి ఎన్ మొత్తాల సగటు తీసుకుంటూ పోతే, ఏ కంటిన్యువస్ పీరియాడిక్ ఫంక్షన్‌కైనా అంతా సర్దుకుంటుందని 1900లో ఫెయెర్ తేల్చాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. మనం సర్వర్ గ్రాఫ్ మీద మూవింగ్ యావరేజ్ పెట్టి గతుకులు సరిచేస్తాం కదా, ఇంచుమించు అదే పని.

ఈ సగటుల దారిలోనే మన బందరు తగులుతుంది. కొమరవోలు చంద్రశేఖరన్ 1920లో మచిలీపట్నంలో పుట్టారు. ప్రిన్స్‌టన్‌లో ఉండగా బోక్నర్‌తో కలిసి రాసిన 'ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్స్' 1949లో వచ్చింది. వాల్తేరు ఆంధ్రా యూనివర్సిటీలో పనిచేసిన మీనాక్షిసుందరంతో కలిసి, మొండి శ్రేణులకు సగటులతో విలువ కట్టే పద్ధతుల మీదే 'టిపికల్ మీన్స్' రాశారు. అది 1952లో అచ్చయింది. ఆయన బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో గణిత విభాగాన్ని నిలబెట్టి, విదేశీ గణితవేత్తలను రప్పించి పాఠాలు చెప్పించారు. ఇక్కడి కుర్రాళ్లు రాసుకున్న నోట్సు పుస్తకాలయ్యాయి.

ఆ నోట్సు పీడీఎఫ్‌లు ఇన్‌స్టిట్యూట్ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఫోన్‌లో చదవడం మాత్రం నరకం, ప్రింట్ తీయించుకోండి.