కోళ్లఫారము గడపకడ నాగిపోవు చట్టము

2024వ సంవత్సరము అక్టోబరు నెలలో హైదరాబాదు బంజారాహిల్సున వీథిబండిపై నమ్మిన మోమోలను తిని ఒక స్త్రీ మృతినొందెను. పలువురు ఆసుపత్రుల పాలైరి. వానితో వడ్డించిన మయొనైజుపై అనుమానము పోయెను. ఆ నెల 30వ తేదీన తెలంగాణ ప్రభుత్వమువారు పచ్చిగ్రుడ్లతో చేయు మయొనైజును ఒక యేడు నిషేధించిరి. మంచిదే. కాని గ్రుడ్డే కారణమైనచో అది యే ఫారమునుండి వచ్చెను? ఆ షెడ్డులోని తక్కిన గ్రుడ్లను ఎవరు తినిరి? నిషేధము ఈ ప్రశ్నలకు ఉత్తరము కాజాలదు.

సాల్మొనెల్లా సూక్ష్మజీవులలో ఎంటెరిటిడిస్ అను రకము కోడి అండాశయమున జేరి, పెంకు ఏర్పడకమునుపే గ్రుడ్డులోనికి బోగలదు. కోడి నిక్షేపముగా తిరుగుచుండును. గ్రుడ్డు కడిగిన ముత్యమువలె నుండును. బాగుగ నుడికించిన ఈ జీవి చచ్చును. పచ్చిసొన కలిపి ఎండవేళ బయటనుంచిన పదార్థమున వృద్ధియగును.

మా మంత్రాలయమును జూడుడు. శ్రీమఠమున గ్రుడ్డు ప్రసక్తియే లేదు. కాని స్టేషనుదారిని, ఆదోని, ఎమ్మిగనూరు మార్గములందు యాత్రికులకు వండిపెట్టు హోటళ్లు, బండ్లు నున్నవి. ఈ వ్యాధి తిన్న ఆరు గంటలు మొదలు ఆరు దినములలోగా బయటపడును. అంతలో ఒకడు రాయచూరు, ఒకడు బళ్లారి, వేరొకడు హైదరాబాదు చేరియుండును. ఏ డాక్టరునకును ఇది గుంపుగా గనబడదు. నీళ్లు పడలేదని చెప్పి, సెలైను ఎక్కించి పంపుదురు. మూడు రాష్ట్రముల రోగులను ఒక్క కాగితముపై వ్రాయువా రుండరు.

చట్టము లేకపోలేదు. 2006వ సంవత్సరపు ఆహారభద్రతా చట్టము 35వ సెక్షను ననుసరించి, విషాహార సంఘటనలను వైద్యులు తెలుపవలెనని అధికారసంస్థవారు ప్రకటన వెలువరింపవచ్చును. 'వలయును' అనవలసినచోట 'వచ్చును' అనిరి! న్యాయవాదుల మగుటచే ఈ రెండు మాటలకు గల యెడము మాకు తెలియును. ఇక 18వ సెక్షను మూడవ ఉపసెక్షను: రైతునకు, వ్యవసాయపు పనులకు, పశుసంపదకు ఈ చట్టము వర్తింపదట. పెరటిలో నాలుగు కోళ్లు పెంచుకొను పేదను ఇన్స్పెక్టర్ల బారినుండి తప్పించుట న్యాయమే. ఆ నీడలో లక్షకోళ్ల షెడ్డు దాగుకొనుటకు చోటిచ్చుట న్యాయమా? బండివాని గిన్నెలు జప్తగును. రోగము పుట్టిన తావునకు పంచనామా పోదు. సాక్షిని ఖైదుచేసి ముద్దాయిని విచారింపకుండుట మేము ఏ కోర్టులోను జూచి యెరుగము.

ఐరోపా సమాఖ్యలో 2004 నుండి అంగడి గ్రుడ్డుపై దేశమును, ఫారమును తెలుపు అంకెలుండుట తప్పనిసరి. 2016లో పెక్కుదేశములయందు చెదరియున్న రోగులనుండి దీసిన సూక్ష్మజీవుల జన్యుక్రమమును పోల్చిచూడగా అవి యొకే వంశమువని తేలెను. జాడ పోలెండు ఫారములకు బోయెను. మన యాత్రికుల చిక్కు వంటిదే యది. బ్రిటనున 1998 మొదలు సింహముద్ర పథకపు కోళ్లకు టీకాలు వేయుచుండగా, 2017లో ఆ గ్రుడ్లను గర్భిణులు సైతము పచ్చిగా తినవచ్చునని అచ్చటి ఆహారసంస్థ ప్రకటించినది.

ఇవి దొరతనపు గొప్పలని త్రోసిపుచ్చ వీలులేదు. 2023-24 లెక్కలలో గ్రుడ్ల ఉత్పత్తియందు దేశమున మొదటిస్థానము ఆంధ్రప్రదేశముదే. పిల్లల గ్రుడ్లు పక్కదారి బట్టకుండుటకై మన ప్రభుత్వమువారే వానిపై రంగుముద్రలు వేయించిరి. దొంగను పట్టుటకు సిరా దొరకినది. ఫారము పేరు వ్రాయుటకు కఱవైనదా?

ముద్రలో ఫారము సంఖ్య చేరవలెను. పెద్ద ఫారములకు 18వ సెక్షను రక్షణ తొలగవలెను. ఆదోని, ఎమ్మిగనూరు ఆసుపత్రులలో విరేచనములతో వచ్చినవారికి మందియ్యకమునుపే మలపరీక్షకు నమూనా దీసి, ఫలితమును రాయచూరు, బళ్లారి వైద్యాధికారులకును బంపవలెను. 35వ సెక్షను ప్రకటన మంత్రాలయ ప్రాంతమునకు శ్రావణమాసపు ఆరాధనలకు ముందే వెలువడవలెనని కోరుచున్నారము.