దొరికిన కుక్క మీదైపోతుందా?

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో తప్పిపోయిన పెంపుడు కుక్క మీ గుమ్మంలోకొస్తే ముందు పశువైద్యుడి దగ్గర స్కాన్ చేయించండి. మైక్రోచిప్ జీపీఎస్ కాదు. బియ్యపు గింజంత చిప్‌లో ఉండేది 15 అంకెల నంబరే. దాన్ని నమోదు చేసిన డేటాబేస్‌లోనే యజమాని వివరాలుంటాయి. మన గేదెల చెవి ట్యాగుకున్న 12 అంకెల నంబరైతే కళ్లకు కనిపిస్తుంది, దీనికి స్కానర్ కావాల్సిందే.

చిప్ లేకపోయినా కుక్క మీదైపోదు. యజమానిని వెతకకుండా, దురుద్దేశంతో సొంతం చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 314 కింద 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు, జరిమానా. తిరిగి అప్పగించడానికే ఉంచుకుంటే నేరం కాదు.

చిక్కంతా ఒంటిపై వాతలున్న కుక్కతోనే. తిరిగివ్వడానికి మనసొప్పదు. కానీ అవి ఇంట్లో పడ్డాయో, వీధిలో పడ్డాయో చిప్ చెప్పదు కదా! దాచేయకండి. ఫొటోలు తీసి, డాక్టర్‌తో రాయించి, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద పోలీసులకు ఫిర్యాదు చేయండి.